పాలకూర కడిగిన గిన్నె

రొట్టె విషయంలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. బేకరీలో పొయ్యి ముందే వయసంతా కాల్చుకున్న మనిషి. నిన్నటి బ్రెడ్డును వేలితో నొక్కి చూసి అది ఎన్ని పాలు తాగుతుందో చెప్పేస్తాడు. ఆకుకూర సంగతి మాత్రం భార్యది. ఆమె పోయాక ఆ ఇంట్లో పాలకూర అడుగుపెట్టలేదు. కూతురూ అడుగుపెట్టలేదు.

ఇవాళ వస్తోంది. తనంతట తాను కాదు, పిన్ని బతిమాలితే. "తిండి దగ్గర ఎవర్నయినా ఒక్క మాట అన్నాడంటే మళ్లీ ఆ గడప తొక్కను" అని ముందే చెప్పి పంపింది. తల్లి బతికున్నన్నాళ్లూ కంచం దగ్గర పడ్డ మాటలన్నీ ఆ పిల్ల విన్నది.

అందుకే వాళ్లమ్మ చేసేదే చేద్దామనుకున్నాడు. బ్రెడ్డు ముక్కలు పాలలో నానబెట్టి, పాలకూర, వేయించిన ఉల్లిపాయలు, గుడ్లు కలిపి, పైపొర కరకరలాడేదాకా ఓవెన్‌లో కాల్చేది ఆవిడ.

ఆ పిన్నే, అతని మరదలు, పొద్దున్నే వచ్చింది, కుడిచేతికి కట్టుతో. నూనె పడి కాలిందట. తడి తగలకూడదన్నారట.

"చెయ్యి పనిచెయ్యదు గానీ నోరు పనిచేస్తుంది బావగారూ. నేను చెబుతాను, మీరు చెయ్యండి."

"కట్టేదో ఆ నోటికే కట్టాల్సింది."

"దానికి కట్టు కట్టేవాళ్లు ఇంకా పుట్టలేదులెండి. ఆకును నీళ్లలో బాగా ఊపి, చేతుల్తో పైకి తీయండి. గిన్నె మాత్రం వంచకండి. ఇసుకంతా అడుగునే ఉంటుంది."

"పాలకూర కడగడం కూడా నీ దగ్గరే నేర్చుకోవాలా? పోయి కూర్చో."

ఆమె పోయి కూర్చుంది. అతను గిన్నెను జల్లెడ మీదికి వంచాడు. అడుగున చేరిన ఇసుకంతా నీళ్లతో పాటు వచ్చి మళ్లీ ఆకు మీదే పడింది. అతను చూడలేదు. చూస్తే మరదలి మాట నిజమని ఒప్పుకోవాలి.

ఓవెన్ తలుపు తీసేసరికి ఇల్లంతా అదే వాసన. భర్తతో వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మ చేసినట్టే ఉంది వాసన," అంది.

అతనికి ఛాతీ పొంగింది. అందరికీ తనే వడ్డించాడు.

మొదటి ముద్దకే అల్లుడి నోట్లో కరకరమంది. అది రొట్టె కరకర కాదు. మింగలేక, కక్కలేక, మామగారి వైపు చూసి నవ్వబోయాడు పాపం.

"బావుంది మామయ్యా. బాగా... గట్టిగా ఉంది."

కూతురి పంటి కిందా పడింది. చెంచా కింద పెట్టింది.

"మీ పిన్ని కడిగింది," అన్నాడతను. నోరు దానంతట అదే తిరిగింది, అలవాటైన దారి. "ఏ పని చెప్పినా ఒక్కటీ సరిగ్గా ఏడవదు."

కూతురు బల్ల మీదికి చూసింది. కంచం పక్కన పిన్ని కుడిచెయ్యి ఉంది. కట్టు తెల్లగా, పొడిగా ఉంది. అప్పుడు చూశాడు అతనూ.

"అవునే తల్లీ," అంది మరదలు. "నేనే సరిగ్గా చూసుకోలేదు."

"అమ్మా ఇలాగే అనేది పిన్నీ."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఎవరైనా కసిరితే తిరిగి కసరగలడు, అది బాగా వచ్చు. ఎవరూ కసరలేదు. తన కంచంలోది ఇసుకతో సహా తిన్నాడు. అతను నమిలే చప్పుడు అందరికీ వినబడింది.

కూతురు కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళితే వెనకే వెళ్లాడు. మిగిలిన పాలకూర కట్టను ఆమె గిన్నెడు నీళ్లలో ముంచి, ఊపి, రెండు చేతుల్తో పైకి తీసింది. గిన్నె కదపలేదు. అతనికి కనబడేలా పక్కకు జరిగింది. అడుగున ఇసుక పేరుకుని ఉంది.

"నేనే కడిగాను," అన్నాడు.

"తెలుసు. ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు."

మరదలు గుమ్మం దగ్గర ఎడమచేత్తో చెప్పు పట్టీతో తంటాలు పడుతోంది. వంగి పెడదామనుకున్నాడు. నడుము వంగలేదు. నిలబడే చెప్పాడు.

"గిన్నె నేనే వంచాను. నువ్వు చెప్పినా వినలేదు. అబద్ధమాడాను."

"పంటి కింద పడ్డప్పుడు చెప్పాల్సింది బావగారూ. ఇప్పుడు అందరం మింగేశాం."

ఎగతాళి మాటే. మొహంలో మాత్రం నవ్వు లేదు.

కూతురు వచ్చి, కూర్చుని, పిన్ని చెప్పు పట్టీ బిగించింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడిగాడు.

"పిన్ని చెయ్యి మాననీ. ఆవిడ మళ్లీ ఈ ఇంటికొస్తే, ఆవిడతో వస్తాను."

మరదలు వస్తానన్లేదు, రానన్లేదు. అల్లుడు తలుపు దగ్గరగా వేశాడు.

అతను వంటింట్లోకి వచ్చాడు. కూతురు ఆకు తీసి జల్లెడలో పెట్టింది గానీ గిన్నె పారబోయలేదు. నీళ్లు తేటపడ్డాయి. అడుగున ఇసుక అలాగే ఉంది.