వీరరాఘవమ్మ ముక్కుపుడక

పెదపాడు నరసరాజుకి రాళ్ళు సానబట్టే పిచ్చి ఉప్పు సత్యాగ్రహం మరుసటేడు పట్టుకుంది. పొలం పాలేళ్ళకి వదిలేసి పొద్దస్తమానం సానచక్రం ముందే కూర్చునేవాడు. మొరటు రాయిని లక్కతో పుల్లకి అంటించి అరగదీస్తూ పోతే, ఒకచోట చటుక్కున లోపలినుంచి వెలుగు బయటికొస్తుంది. ఆ క్షణం కోసం ఆయన తిండి కూడా మరిచిపోయేవాడు.

పిచ్చి ముదిరి భార్య వీరరాఘవమ్మ ముక్కు మీదికొచ్చింది. ఆవిడ ముక్కుపుడకలో ఎర్రరాయి ఊడి కాలవలో పడిపోయింది. ఏలూరు కంసాలికి పంపుదామంటే నరసరాజు ఒప్పుకోలేదు.

"ఇంట్లో నేనుండగా కంసాలి ఎందుకే? గోదావరి ఇసకలో ఏరిన ఎర్రరాయుంది. నేనే సానబట్టి పెడతాను."

అప్పటినుంచీ ఆ మహాతల్లి ముక్కు బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టుకు తిరుగుతోంది.

రాయికి ఆకారం వచ్చింది గాని మెరుపు రాలేదు. ఒకరోజు దాన్ని కడిగి అరుగు మీద ఆరబెట్టి, గుడ్డముక్క కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి ఇంటి బాతొకటి ముక్కు పైకెత్తి గుటకేస్తోంది. నత్తగుల్ల అనుకుంది కాబోలు. ఆయన పెట్టిన కేకకి బెదిరి మందలో కలిసిపోయింది. ఇక ఏది దొంగో ఏది దొరో ఎవడు చెప్పగలడు?

భార్యతో చెప్పే ధైర్యం లేదు. జరీపంచె ఎగగట్టి బాతుల వెనకాల చేలగట్ల మీద తిరుగుతూ, అవి వేసిన రెట్టలన్నీ పుల్లతో కెలికి చూసేవాడు. రాజుగారికి గాలి సోకిందని ఊరు చెవులు కొరుక్కుంది.

"రాయి ఎంతవరకూ వచ్చిందండీ?" అని వీరరాఘవమ్మ అడిగితే, "ఇంకా తిరుగుతోందే" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ అన్న ముత్యాలరాజు వస్తున్నట్టు కబురొచ్చింది. వీరరాఘవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అన్నయ్య ముందు చీపురుపుల్లతో నిలబడమంటారా? మీ పరువేం కావాలండీ?"

నరసరాజుకి గుండె కలుక్కుమంది. సరదా తనది, శిక్ష ఆవిడది.

బావగారొస్తే రాజుల ఇంట బాతుకూర లేకుండా ఎలా? పాలేరు చేతికందిన బాతుని పట్టుకొచ్చాడు. వీరరాఘవమ్మ దాని కందనకాయ చీల్చి "ఏవండీ!" అని కేకేసింది. నరసరాజు సగం గీసిన గడ్డంతో పరిగెత్తాడు. ఆవిడ అరచేతిలో ఎర్రరాయి నిప్పుకణికలా వెలుగుతోంది. నెలల తరబడి తను తేలేని మెరుపుని బాతు తన కడుపులో ఇసకతో నూరి తెచ్చింది! నిజం కక్కక తప్పలేదు.

ఆవిడ తిట్టలేదు. "ముందు పుడకలో అంటించండి. అన్నయ్య బండి వచ్చేస్తుంది" అంది. నరసరాజు లక్క కరిగించాడు.

భోజనాల దగ్గర ముత్యాలరాజు చెల్లెలి ముక్కు చూసి ముద్ద ఆపేశాడు.

"ఏలూరులో కూడా ఈ మెరుపు తేలేరు బావగారూ! ఏ సాన మీద పట్టారండీ?"

నరసరాజు నోరు తెరిచాడు. వీరరాఘవమ్మ గబుక్కున కందనకాయ ముక్కలు అన్న విస్తట్లో వడ్డించింది.

"మీ బావగారి చేతిపనే అన్నయ్యా. ముందు తినండి, చల్లారిపోతుంది."

ముత్యాలరాజు వెళ్ళాక నరసరాజు చిన్నబోయి కూర్చున్నాడు. "బాతు పనితనాన్ని నాదని ఎందుకు చెప్పావే?"

"వాకిలినిండా మీ మొరటు రాళ్ళున్నాయి. వాటినేం ముట్టుకోలేదుగా? మీరు చెక్కింది అంత ముద్దుగా ఉండబట్టే మింగిందండీ" అందావిడ, అద్దంలో ముక్కు చూసుకుంటూ.

మర్నాడు నరసరాజు మరో రాయిని పుల్లకి అంటించి సాన ముందు కూర్చున్నాడు. బాతుల్ని మాత్రం కాలవ అవతలికి తోలించాడు.