కళ్ళు పెట్టిన కేకు

సత్తెనపల్లిలో శివాలయం పూజారి శేషాచలంగారి ఇంట్లో కేకు చేస్తున్నారంటే వీధిలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. కానీ వెనిలా వాసనని ఎవరు దాచగలరు?

కోడలు రాగసుధకి ఇదేమీ సరదా వంట కాదు. కొడుకు ఆత్రేయ మూడేళ్ళప్పుడు పక్కింటి పుట్టినరోజులో బేకరీ కేకు తిన్నాడు. పెదాలు బూరెల్లా వాచాయి, ఊపిరాడలేదు, గుంటూరు ఆసుపత్రికి పరుగెత్తారు. గుడ్డు పడదన్నాడు డాక్టరు. గుడ్డు గడప తొక్కని ఇల్లది, ముందే తెలిసే దారేది? అప్పట్నించీ ఎవరి పుట్టినరోజుకెళ్ళినా అందరూ కేకు తింటుంటే వాడు చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. అడిగేవాడు కాదు. అడగకపోవడమే ఆమెని ఎక్కువ బాధపెట్టేది. ఈ ఆరో పుట్టినరోజుకైనా వాడు తన కేకు తను కోసుకుని తినాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు.

శేషాచలంగారు మాత్రం ముందే మొహం చిట్లించారు. "దీపం ఆర్పడం, కత్తి పట్టడం... పుట్టినరోజు పూట మనకెందుకమ్మాయ్ ఇవన్నీ? ఇంత పాయసం చెయ్యి, చాలు."

"దీపం ఆర్పనివ్వను మామయ్యగారూ. కేకు మాత్రం చేస్తాను."

ఆయన గొణుక్కుంటూ గుడికెళ్ళిపోయారు. మధ్యాహ్నం చూస్తే వంటింటి గట్టుమీద గుప్పెడు శంఖుపుష్పాలున్నాయి. నీలం రంగుకి ఏం చెయ్యాలా అని కోడలు అత్తగారితో వాపోవడం ఆయన చెవిన పడినట్టుంది. శివుడి వాటా తగ్గించి మరీ తెచ్చారు మహానుభావుడు.

రాగసుధ పాత కుక్కరు అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి, గుడ్డుకి బదులు పెరుగుతో కలిపిన మైదాపిండి గిన్నె అందులో దించింది. బీట్‌రూట్‌తో ఎర్ర క్రీము, పువ్వులతో నీలం క్రీము. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు కావడంతో గాలి తిరిగినప్పుడల్లా తుమ్ములే. గిన్నెమీద మూత, మూతిమీద కొంగు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య గిలక్కొట్టడం. సాయంత్రానికి పళ్ళెంలో మెరుపువీరుడి మొహం తేలింది. ఆత్రేయ రోజూ ఫోన్లో చూసే నీలం ముసుగు వీరుడతను. బుగ్గలు మాత్రం కాస్త ఎక్కువయ్యాయి.

"మా సాయికౌశిక్ చిన్నప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడు," అంది అత్తగారు దుర్గాంబ మురిసిపోతూ. సాయికౌశిక్ అంటే రాగసుధ మొగుడే.

వీధి పిల్లలంతా చేరాక, అందరూ చూస్తుండగా, రాగసుధ రెండు ఎండుద్రాక్షలు కళ్ళుగా పెట్టింది. చప్పట్లు మోగాయి. ఆత్రేయ చేతికి చాకు ఇచ్చింది. వాడు దాన్ని కింద పెట్టేసి కేకుకి దణ్ణం పెట్టాడు.

"కొయ్యి నాన్నా."

"కొయ్యకూడదమ్మా. కళ్ళు పెట్టేశావుగా. కళ్ళు పెడితే ప్రాణం వస్తుందని వినాయకచవితికి తాతయ్య చెప్పాడు."

"ఇది కేకురా!"

"నన్నే చూస్తున్నాడు," అన్నాడు వాడు, పెదవి వణుకుతుంటే.

"అన్నయ్యా, చంపకు!" అంటూ చెల్లెలు అన్విత రాగం అందుకుంది.

"సరే, కళ్ళు తీసేస్తానుండు," అని రాగసుధ చెయ్యి పెట్టబోయింది. దాంతో పిల్లలందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

ఆమెకీ ఏడుపొచ్చింది. తలెత్తితే గుమ్మంలో మామగారు. 'నేను ముందే చెప్పలేదూ' అని ఆయన ఒక్కమాటంటే చాలు, ఈ ఇంట్లో కేకు మాట మళ్ళీ ఎత్తడానికుండదు.

ఆయన కాళ్ళు కడుక్కునొచ్చి కేకు ముందు పీట వాల్చుకుని కూర్చున్నారు.

"ఒరేయ్ ఆత్రేయా, చవితి పూజయ్యాక స్వామికి ఏం చెప్పాం?"

"ఉద్వాసన చెప్పాం. కొంచెం కదిపాం. స్వామి తన చోటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒట్టి మట్టే."

"మరి ఈయనకి చెప్పొద్దూ?"

రెండు చేతులా పళ్ళెం పట్టుకుని ఈశాన్యం వైపు కాస్త జరిపారు. మంత్రాన్ని ఆటకి వాడే మనిషి కాదాయన. తెలుగులోనే చెప్పారు, కానీ గుళ్ళో మాట్లాడే గొంతుతో. "నాయనా మెరుపువీరుడా, మా పిల్లాడు పిలవగానే వచ్చావు, సంతోషం. నీకు బోలెడు పనులుంటాయి, వెళ్ళిరా. వచ్చే ఏడు మా కోడలు మళ్ళీ పిలుస్తుంది. తప్పకుండా రావాలి."

వచ్చే ఏడు! రాగసుధ తను విన్నది నిజమేనా అని అత్తగారి వైపు చూసింది. దుర్గాంబ నవ్వుతోంది.

ఆత్రేయ వంగి కేకు కళ్ళలోకి చూశాడు. "వెళ్ళిపోయాడు," అన్నాడు గట్టి నమ్మకంతో. చాకు తీసుకుని ఎడమ బుగ్గ కోసి నోట్లో పెట్టుకున్నాడు.

రాగసుధ ఊపిరి బిగబట్టి వాడి పెదాలవంకే చూస్తూ కూర్చుంది. ఎర్ర క్రీము అంటుకోవడం తప్ప వాటికేమీ కాలేదు.

"అమ్మా, ఇంకోటి!"

వాడి నోట ఆ మాట వినడానికి ఆమె ఎన్ని మొక్కులైనా మొక్కేది. మామగారి కాళ్ళమీద పడాలనిపించింది. తనకి ఇష్టంలేని పండగని ఆయనే నిలబెట్టారు.

"నాకేదమ్మాయ్?" శేషాచలంగారు కుడిచెయ్యి చాపారు.

"మీరు తింటారా మామయ్యగారూ?"

"ఉద్వాసన చెప్పిందే నేను. ప్రసాదం వద్దంటే ఎట్లా?"

కన్నీళ్ళలో చూపు ఆనక, ఆ చేతిలో ముక్క కాస్త పెద్దదే పడింది.