అత్తగారి గుణం పట్టిన క్యూ కర్ర

పగలంతా కోడలు పళ్ళు చేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, మైనం కరిగించి, ఒక్కొక్క పన్నూ పేర్చి, బోసినోళ్ళ వాళ్ళకి సెట్లు కడుతుంది. సాయంత్రం ల్యాబ్ తలుపులు వేసి, గోళ్ళలో ఇరుక్కున్న మైనం గీక్కుంటూ టైర్ల షాపు మీద మేడలో ఉన్న, బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టి ఆడే పూల్ హాల్‌కి పోతుంది. వంట అత్తగారు చూసుకుంటుంది కాబట్టి ఇంటి గురించి బెంగ లేదు.

ఆట బాగానే ఆడుతుంది. లోపం ఒక్కటే. అవతలివాళ్ళు తెల్ల బంతిని తీసుకెళ్ళి ఇంకో బంతి వెనక దాచేశారంటే, ఇక ఈవిడ బల్ల ఈ అంచుకీ ఆ అంచుకీ కొట్టి డొంకతిరుగుడుగా వెళ్తుంది. ఒక్కోసారి చేరుతుంది, చాలాసార్లు చేరదు. అడ్డమున్న బంతి మీదుగా ఎగరగొట్టడం చేతకాదు. దానికి జంప్ క్యూ అని వేరే కర్ర ఉంటుంది. పొట్టిగా, తేలిగ్గా, మూతి మాత్రం రాయిలా గట్టిగా ఉంటుంది. ఆమె ఆడే జట్టులో మిగతా అందరికీ అది ఉంది.

జట్టు కెప్టెన్ బస్ డిపోలో టైమ్‌కీపర్. మంచివాడే గానీ మొహమాటం అనేది ఆయన ఇంటి ఛాయలకి కూడా రాలేదు. వానలు మొదలవకముందే కోడలితో చెప్పేశాడు, వానలు వెళ్ళాక పరీక్ష పెడతాననీ, ఎగరగొట్టడం రాకపోతే వ్యాన్‌లో ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాననీ. జట్టు ఊరూరూ తిరిగి ఆడేది ఆ వ్యాన్‌లోనే. కోడలికి గుండెలో రాయి పడింది. ఇంట్లో ఆమె ఒకరికి భార్య, ఒకరికి కోడలు, ల్యాబ్‌లో చేసిన పళ్ళు ఎవరి నోట్లోకో పోతాయి. అచ్చంగా తనది అనుకునేది ఆ చోటొక్కటే.

మరి ఏ కర్ర కొనాలి? ఫ్యాక్టరీది కొంటే ఏ రోజైనా కొనుక్కోవచ్చు. ఆటసామాన్ల షాపులో అట్టపెట్టెల్లో వరసగా ఉంటాయి, అన్నీ ఒక్కలాంటివే, ఏది తీసినా ఒకటే. చేయించుకోవాలంటే మాత్రం, మిషను మీద కర్రలు తిప్పి చెక్కే లేత్ బాబాయి దగ్గరికి వెళ్ళాలి. ఆయన ముందు చెయ్యి కొలిచి, ఇంకా చెక్కని దుంగముక్క ఒకటి చేతికిస్తాడు. దాన్ని వానాకాలం అంతా మంచం పక్కన పెట్టుకుని పడుకోవాలి. తేమ తాగినన్నాళ్ళూ ఆ కర్ర పక్కనున్న మనిషి గుణం కూడా తాగుతుంది. తర్వాతే ఆయన దాన్ని లేత్ ఎక్కిస్తాడు. ఏ తోడు వేస్తే ఆ పెరుగు, అంతే. వాచ్‌మన్ చేయించుకున్న కర్ర భోజనాల వేళ దాటితే గోడకి జారగిలబడి నిద్రపోతుంది, ఎవరు లేపినా లేవదు. పెళ్ళిఫొటోలు తీసేవాడి కర్ర కొట్టబోయే ముందు అందరూ కదలకుండా నిలబడేదాకా ఆగుతుంది. ఫ్యాక్టరీ కర్రలు గోదాములో ఎవరి పక్కనా పడుకోవు గనక వాటికి ఏ గుణమూ ఉండదు.

కెప్టెన్ ఫ్యాక్టరీదే మేలన్నాడు. దానికి నీ ఇంటి గొడవలు తెలియవు, అంతకంటే ఏం కావాలన్నాడు. కోడలు రెండు వారాలు గుంజాటన పడి, చివరికి లేత్ బాబాయి దగ్గరే దుంగముక్క తెచ్చుకుంది. నా ఆట నా కర్రే ఆడాలి అనుకుంది.

తీరా తెచ్చాక ఇంకో చిక్కు. మంచం మీద తను ఒక్కతే కాదు కదా, పక్కన మొగుడున్నాడు. ఆయన ఏ పనైనా రేపు చూద్దాం అనే రకం. కుళాయి కారుతోందంటే రేపు, బల్బు పోయిందంటే రేపు. ఆ గుణం గనక అంటిందంటే ఆ కర్ర జన్మలో బంతిని కొట్టదు. పోనీ హాల్లో పెడదామంటే టీవీ గుణం అంటుతుందేమోనని భయం. ఆలోచించి ఆలోచించి, దాన్ని తీసుకెళ్ళి అత్తగారి గదిలో, మంచం తలాపున నిలబెట్టింది. ఆవిడ దగ్గర అయితే అంటుకోవడానికి ఏ గుణమూ లేదులే అనుకుంది. ఉప్పు తక్కువైతే తక్కువ తినేది, ఎక్కువైతే ఎక్కువ నీళ్ళు తాగేది, ఎవరేమన్నా సరేననేది. అలాంటి గదిలో కర్ర పాడవకుండా ఉంటుంది, తర్వాత ఎలాగూ నా చేతిలో మసిలి నాదవుతుంది అని కోడలి లెక్క. అత్తగారిని అడగను కూడా అడగలేదు. ఆవిడ కూడా ఇదేమిటి అనలేదు.

వానలు తగ్గాక లేత్ బాబాయి ఆ కర్రని చేత్తో తడిమి, ఇది నీ పక్కనే పడుకుందా అని అడిగాడు. ఆ, నా పక్కనే, అని అబద్ధం ఆడేసింది కోడలు. ఆయన ఒకసారి ఆమె మొహంలోకి చూసి, లేత్ ఆన్ చేశాడు.

కర్ర ముచ్చటగా వచ్చింది. ఆ సాయంత్రమే హాల్‌లో దానితో మొదటి దెబ్బ కొట్టింది. తెల్ల బంతి అడ్డమున్న బంతి మీదుగా ఎగిరింది, బల్ల అంచు మీదుగా ఎగిరింది, కిటికీలోంచి బయటికి పోయింది. కింద టైర్ల షాపువాడు ఒక టైరులోంచి తీసి పైకి విసిరాడు. రెండోసారి బస్టాపులో దొరికింది, బెంచీ మీద, ఎవరో ఆవిడ సంచి పక్కన. మూడోసారి ఎంత వెతికినా కనబడలేదు. మర్నాడు రైల్వే పోర్టరు తెచ్చిచ్చాడు. టికెట్ల కిటికీ ముందు వరసలో ఉందట, వెనకవాళ్ళు తోస్తుంటే పక్కకి తీశాడట. మీ బంతేనా అని అడిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

కోడలు కర్ర పట్టుకుని మండిపడుతూ లేత్ బాబాయి మీదకి వెళ్ళింది. పరీక్ష నెలరోజుల్లో ఉంది, ఇదేం కర్ర చేశావని నిలదీసింది. ఆయన లేత్ ఆపి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నా పనిలో తప్పు లేదమ్మా. ఎక్కడికో పోవాలని ప్రాణం కొట్టుకునే మనిషి పక్కన పడుకుందిది. నువ్వైతే కాదు. ఎవరు?"

కోడలు కర్ర చంకలో పెట్టుకుంది. అట్నుంచి అటే ఆటసామాన్ల షాపుకి వెళ్ళి, అట్టపెట్టెల్లో చేతికందిన కర్ర ఒకటి కొనేసింది. ఏరడానికి కూడా ఏమీ లేదు. ఆ గంట నించే అది చెప్పిన పని చేసింది. రెండు మూడు రోజుల సాధనతో బంతి బుద్ధిగా ఎగిరి బుద్ధిగా దిగడం మొదలెట్టింది. ఇంత సులువా అని ఆశ్చర్యపోయింది కోడలు. కెప్టెన్ నేను చెప్పలేదూ అన్నట్టు మీసం దువ్వుకున్నాడు.

కానీ లేత్ బాబాయి మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆ గదిలోకి ఆమె బట్టలకోసమో, ఆ కర్ర కోసమో తప్ప ఎప్పుడూ వెళ్ళలేదు.

"మీకు ఎక్కడికైనా వెళ్ళాలని ఉందా అత్తయ్యా?"

అత్తగారు కొడుకు చొక్కా మడతపెట్టింది. దాని మీద ఇంకో చొక్కా పెట్టింది.

"ఎక్కడికని లేదమ్మా. వెళ్ళాలని ఉంది."

ఎప్పటినుంచి అంటే, పెళ్ళికి ముందు నుంచే అంది. ముందు తన అత్తగారు మంచాన పడింది, ఆవిడ పోయేసరికి పిల్లాడి చదువు, తర్వాత ఆయన జబ్బు, తర్వాత మీ ఉద్యోగాలు, ఇలా ఏదో ఒకటి అడ్డం వచ్చిందని, ఎవరి మీదా నేరం మోపకుండా, వంటలో ఏమేం వేశానో చెప్పినంత మామూలుగా చెప్పింది. నీకెవరు చెప్పారని అడిగితే కర్ర చెప్పిందంది కోడలు. అత్తగారు ఓహో అని, మిగిలిన బట్టలు కూడా మడతపెట్టేసి, కర్ర ఏదీ చూపించమంది.

హాల్‌కి తీసుకెళ్తే, అత్తగారి చేతిలో ఆ కర్ర గంతులు మానేసింది. ఆవిడ బల్ల మీదకి వంగి పొడిచిందంటే తెల్ల బంతి లేచి, అడ్డమున్నదాని నెత్తిమీద ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ చూసుకుని, కావలసినచోట దిగేది. బయటికి మాత్రం పోయేది కాదు. మిగతా ఆట కోడలు నేర్పింది. మొదట్లో సరదాకే. ఉదయాలు ల్యాబ్ తెరవకముందు, హాల్ ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ ఆడుకునేవాళ్ళు. పరీక్ష దగ్గరపడేసరికి అత్తగారు కోడల్ని ఓడించసాగింది. గెలిచినప్పుడు ఏమీ అనేది కాదు గానీ, ఆ పూట కూరలో కారం కాస్త ఎక్కువ పడేది.

పరీక్షరోజు కెప్టెన్ తెల్ల బంతిని కావాలనే ఇరుకులో పెట్టాడు. కోడలు ఫ్యాక్టరీ కర్రతో మూడుసార్లు కొడితే రెండుసార్లు శుభ్రంగా దాటింది. చాలు, నీ చోటు నీదే అన్నాడు కెప్టెన్. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. అత్తగారు మూల కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు, అడిగే మనిషీ కాదు. ఆ గదిలో ఏమీ లేదనుకుని కర్ర నిలబెట్టింది తనేనన్న సంగతి కోడలికి గుర్తొచ్చి సిగ్గేసింది.

"అత్తయ్య కూడా ఆడతారు. ఒకసారి చూడండి," అంది.

కెప్టెన్ చూశాడు. మొహమాటం లేని మనిషి అని ముందే చెప్పాను కదా, చోటు అత్తగారికిచ్చేశాడు.

స్కూటర్ దగ్గర కోడలికి ఏడుపు ఆగలేదు. అత్తగారు రుమాలిచ్చి, పోనీ నువ్వే వెళ్ళు, నేను చెప్తాలే ఆయనకి, అంది. సరేనని చటుక్కున అనేద్దామనిపించింది కోడలికి. ముక్కు చీదుకుని, వద్దు మీరే వెళ్ళండి అంది. ఆ మాట మనస్ఫూర్తిగా అనలేదు, కానీ అంది.

వ్యాన్ బయల్దేరింది. అత్తగారు మొదటి ఊళ్ళో గెలిచింది, రెండో ఊళ్ళో గెలిచింది. మూడో ఊళ్ళో కూడా గెలిచి, అందరితో భోంచేసి, కెప్టెన్‌కి దండం పెట్టి, జట్టువాళ్ళు ఇటు వస్తుంటే తను కర్రతో సహా అటు వెళ్ళే బస్సు ఎక్కేసింది. కెప్టెన్ ఇంటికొచ్చి సంగతి చెప్పి, మిగతా ఆటలకి నువ్వు రావాలని కోడలితో అన్నాడు. ఆమె ఫ్యాక్టరీ కర్ర తీసుకుని వెళ్ళింది. కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. కోరుకున్న చోటు దక్కింది గానీ, ఆ సీట్లో కూర్చున్నప్పుడల్లా కిటికీలోంచి ఎదురొచ్చే బస్సుల్లోకి చూసేది.

మొగుడు మొదట్లో గాభరాపడి పోలీసులకి చెబుదామన్నాడు, తర్వాత రేపు చూద్దామన్నాడు. ఆ రేపు వచ్చేలోగా అన్నం వార్చడం, తన బట్టలు తను మడతపెట్టుకోవడం నేర్చుకున్నాడు. అత్తగారు మధ్యమధ్య ఫోన్ చేసేది. ఒకసారి సముద్రమున్న ఊరు, ఒకసారి కొండమీద ఊరు. ఎక్కడికెళ్ళినా ఒక పూల్ హాల్ ఉంటుందనీ, అక్కడివాళ్ళు కాఫీ ఇప్పిస్తారనీ చెప్పేది. టాబ్లెట్లు వేసుకుంటున్నానని అడక్కముందే చెప్పేసేది.

చలికాలం చివర్లో, కోడలు ల్యాబ్‌లో కూర్చుని ఎవరివో పైపళ్ళు పేరుస్తుండగా ఫోన్ మోగింది. చేతులకి మైనం, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. అవతల బస్సుల హారన్లు. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక కోడలు ఉండబట్టలేక అడిగేసింది.

"ఎప్పుడొస్తారు అత్తయ్యా?"

"ఏం అమ్మా, ఏమన్నా పనుందా?"

కోడలు ఆలోచించింది. వంట మొగుడు చేస్తున్నాడు. బట్టలు ఎవరివి వాళ్ళే చూసుకుంటున్నారు. ఇల్లు దానిపాటికది నడుస్తోంది. ఎంత వెతికినా పనేమీ కనబడలేదు.

"పనేం లేదత్తయ్యా. ఊరికే, చూడాలనిపించి."

అవతల ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

"అలాగైతే వస్తాను," అంది అత్తగారు.