పుస్తకాల కింది మూలలు

వకీలు రామచందర్‌రావును నోట్లో పాన్ లేకుండా చూసినవాళ్లు నాంపల్లిలో ఎవరూ లేరు. కోర్టుకు పోయినా, పెళ్లికి పోయినా, దవాఖానలో పడుకున్న మనిషిని పలకరించడానికి పోయినా ఆయన ఎడమ బుగ్గ ఉబ్బే ఉండేది. మాట్లాడాల్సి వస్తే తల కాస్త వెనక్కి వాల్చి, కింది పెదవి ముందుకు పెట్టి, ఆ ఎర్రటి ఊట జారిపోకుండా మాట్లాడేవాడు. ఎదుటివాళ్లకు మాట చెవికెక్కేది కాదు. ఆ ఊట ఎప్పుడు జారి ఎక్కడ పడుతుందోనన్న భయమే వాళ్లకు సరిపోయేది. అలాంటి పెద్దమనిషి, నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న తెలుగు పిల్లల బడికి కమిటీ అధ్యక్షుడు.

ఆ బడిలో చిన్న తరగతి పంతులమ్మ ప్రభావతి. వకీలంటే ఆమెకు రోత. ఆయన వచ్చి వెళ్లిన కుర్చీని తడిగుడ్డతో తుడిచేదాకా అటువైపు నడిచేది కాదు.

1938లో దసరాకు నెల ముందు, స్టేషను దగ్గర బొగ్గు వ్యాపారం చేసే మొగులయ్య తన తల్లి పేరు మీద బడికి కొంత సొమ్మిచ్చాడు. "మా అమ్మకు చదువు రాకపాయె. క్యాలెండర్ల మీది బొమ్మలు చూసుకుంట కూసునేది. గందుకే పిల్లలకు బొమ్మల పుస్తకాలు కొనుండ్రి. దసరా నాటికి వాళ్ల చేతుల్ల ఉండాలె," అన్నాడు. ఆ మాట విని ప్రభావతి ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంబరం. ఆమె తరగతిలో ఇరవైమంది పిల్లలకు ఉన్నవి పలకలు, ఒక గోడ పటం, అంతే.

మూడు శనివారాలు ఆమె ఆబిడ్స్‌కు నడిచింది. అక్కడ ఒక పెద్ద పుస్తకాల షాపులో పిల్లల పుస్తకాల అలమార చూసేవాడు జ్ఞానశేఖర్ అనే సికింద్రాబాదు మనిషి. మొదటిసారి ఆమె పుస్తకాన్ని తనవైపు కాకుండా బయటివైపు తెరిచి, చెయ్యి బారుగా చాపి పట్టుకుంటే, కొనడానికి వచ్చిందో ఆట పట్టించడానికి వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

"నేను కాదు కదండీ చూసేది. చాప మీద కూసున్న పిల్ల చూడాలె," అంది ప్రభావతి. "జర మీరు ఆ చివరకు పోయి కింద కూసోండ్రి. బొమ్మ కనిపిస్తదా చెప్పుండ్రి."

అతను నవ్వుకుంటూ నిజంగానే వెళ్లి కూర్చున్నాడు. దూరానికి మసకగా కనిపించిన పుస్తకాలన్నీ పక్కకు పోయాయి. తర్వాత ఆమె పేజీ కింద ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో మెల్లగా చెప్పి చూసుకునేది. ఒక్క గుక్కలో చెప్పలేకపోతే అదీ పక్కకే. మద్రాసులో అచ్చయిన తెలుగువి రెండే నచ్చాయి. అన్నీ కలిపి పన్నెండు తేలాయి.

"కమిటీవాళ్లు చూడాలన్నారు కదా, తీసుకువెళ్లండి టీచరమ్మా," అన్నాడు జ్ఞానశేఖర్. "పసందైతే ఉంచుకోండి, లేకుంటే వారంలో వాపస్. కానీ మచ్చ పడకూడదు, మడత పడకూడదు. అట్లాంటివి మేం తీసుకోం."

ఆ పన్నెండింటిలో ఒకదాని మీద ఆమెకు ప్రాణం. తల్లికోడి, పదకొండు పిల్లల కథ అది. ప్రతి పేజీలో ఒక పిల్ల తప్పిపోతుంది. కుండ వెనకో, చెప్పులోనో, గడ్డిలోనో దాక్కుని ఉంటుంది, చూసేవాళ్లే వెతకాలి. ఇంటికి పోయే ముందు బడి అరుగు మీద ఆ పుస్తకం తెరిచి అహల్య ముందు పెట్టింది. అహల్య బడి ఆయా లక్ష్మీనర్సమ్మ మనవరాలు, నాలుగేళ్లది. తల్లి పోయినప్పటి నుంచీ, అంటే నాలుగు నెలలుగా, ఆ పిల్ల నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆ రోజూ రాలేదు. కానీ బొమ్మవైపు చాలాసేపు చూసి, చెప్పులో దాక్కున్న కోడిపిల్ల మీద వేలు పెట్టింది. పెట్టి, ప్రభావతి ముఖంలోకి చూసింది. ఈ పుస్తకం బడికి రావాల్సిందే అని ప్రభావతి అప్పుడే అనుకుంది.

కమిటీ వకీలు ఇంటి వరండాలో కూర్చుంది. కార్యదర్శి శ్రీపతి ఎప్పటిలాగే అధ్యక్షుల వారి ముఖం చూస్తూ తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. మొగులయ్య మూల కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. వకీలు కాళ్ల దగ్గర ఆయన పాన్ ఉమ్మే ఇత్తడి ఉగాల్దాన్ ఉంది. దాని అంచు చుట్టూ ఎండిపోయిన ఎరుపు.

వకీలు పై పుస్తకం తీశాడు. చూపుడు వేలు నాలుక మీద పెట్టి, ఇటు ఒకసారి అటు ఒకసారి రాసి, కింది మూల పట్టి పేజీ తిప్పాడు. మళ్లీ నాలుక, మళ్లీ మూల. పేజీకో ఎర్రటి వేలిముద్ర. ప్రభావతి చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పిల్లికి కోటేందమ్మా? పిల్లి కోటు తొడుగుతదా?" అన్నాడు. శ్రీపతి తల ఊపాడు. రెండోది రైలు పుస్తకం. "పేజీకి నాలుగు మాటలు. మిగతాదంత ఖాళీ. గింత కాయితం దండుగ చేసిన్రు. నీతి ఏది ఇందులో?" అని, మూడోది తెరవనే లేదు. "ఇగ చాలు. అన్ని గిసొంటియే. వాపస్ ఇచ్చెయ్యి. మా బావమరిది మంచి నీతి పుస్తకం రాసిండు. నూట అరవై పేజీలు. ఒక్క బొమ్మ లేదు. అవే తెప్పిద్దాం."

ఆ నీతి పుస్తకం సంగతి నాంపల్లిలో తెలియనివాళ్లు లేరు. రెండేళ్లుగా అమ్ముడుపోక, వకీలు ఇంటి వెనక గదిలోనే కట్టలు కట్టి పడి ఉంది. చెదలు మాత్రం శ్రద్ధగా చదువుతున్నాయి. మొగులయ్య ఏదో అనబోయాడు గానీ వకీలు ఉగాల్దాన్ వైపు వంగి చేసిన చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. ఛీ, నీతి చెప్పే నోరా ఇది, అనుకుంది ప్రభావతి. పైకి మాత్రం ఏమీ అనలేదు. అనలేకపోయినందుకు దారంతా తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు పన్నెండు పుస్తకాలూ మోసుకుని ఆబిడ్స్ వెళ్లింది. జ్ఞానశేఖర్ ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. కోటు పిల్లి దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. జేబురుమాలు తీసి వేళ్లు తుడుచుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది, రక్తమా?"

"కాదండీ. పాన్."

అతను రైలు పుస్తకాన్ని ముట్టుకోకుండా పెన్సిలుతోనే తిప్పి చూశాడు. "ఈ రెండూ నేను తీసుకోలేను. మీరు కొన్నట్టే లెక్క. మిగతా పది ఇవ్వండి," అన్నాడు. ఎంగిలి చేసింది తానే అయినట్టు ప్రభావతికి తల కొట్టేసినట్టయింది. పది పుస్తకాలూ బల్ల మీదికి నెట్టింది. అన్నిటికన్నా పైన కోడిపిల్లల పుస్తకం ఉంది, ఒక్క మచ్చ లేకుండా. మచ్చ పడ్డవి బడికి వస్తాయి, పడనిది షాపుకు పోతుంది. ఆ ఆలోచన రాగానే ఆమె చెయ్యి పుస్తకం మీదనే ఉండిపోయింది.

"ఇంకా మూడు రోజులు గడువుంది కదండీ?" అంది.

"ఉందమ్మా."

"అయితే ఇవి మళ్ల తీసుకపోత. అధ్యక్షుల వారు సరిగ్గ చూడలేదు."

పాన్ వాసన గిట్టని మనిషి ఆ సాయంత్రం లక్ష్మీనర్సమ్మ దగ్గర కూర్చుని పాన్ కట్టడం నేర్చుకుంది. "కాచు జర ఎక్కువ పెట్టు నర్సమ్మా," అంటే ముసలామె వింతగా చూసింది. "ఎర్రగ పండాలెనా? ఎవలకు బిడ్డా?" అంది. ప్రభావతి ఇంకో ఆకు తీసింది. వేళ్లకంటిన కాచు ఎరుపు మూడుసార్లు కడిగినా పోలేదు.

తెల్లారి పది పుస్తకాలూ, ఆరు పాన్‌లున్న పళ్లెమూ తీసుకుని వకీలు వరండాకు వెళ్లింది. "వకీల్ సాబ్, నాకు సరిగ్గ ఎంచడం రాలేదు. తప్పులు ఏ పేజీల ఏమున్నయో మీరు చూపిస్తె నేర్చుకుంట. మల్ల గిట్ల కానియ్య," అంది వినయంగా.

తప్పులు చూపించమంటే వకీలుకు అంతకన్నా పండగేముంది? ఒక పాన్ బుగ్గన పెట్టి మొదలుపెట్టాడు. వేలు నాలుక మీదికి, నాలుక మీంచి మూల మీదికి. బాతు ఈదుతూ నవ్వడం తప్పు. చందమామకు ముక్కు ఉండటం తప్పు. వానలో తడిసే పిల్లలను చూసి పిల్లలు చెడిపోతారు. రెండో పాన్ వేసుకున్నాడు. నవ్వినప్పుడు తుంపర పడింది, వాన బొమ్మలో ఎర్రటి చినుకులు కలిశాయి. ఈసారి ప్రభావతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఒక్కో పుస్తకం తానే తీసి అందిస్తోంది, "ఇదొక్కటి చూడుండ్రి," అంటూ.

ఆఖర్న కోడిపిల్లల పుస్తకం మిగిలింది. అది అందించడానికి చెయ్యి రాలేదు. ఇంత చక్కని పుస్తకాన్ని కాపాడుకోవాలంటే తీసుకెళ్లి ఆ నోటి ముందే పెట్టాలా అని ఏడుపొచ్చింది. పెట్టింది. ఆయన వేలు పదకొండుసార్లు నాలుక మీదికి వెళ్లింది, పదకొండు పేజీల మూలలూ ఎర్రబడ్డాయి. తల్లికోడి రెక్క మీద ఒక పెద్ద బొట్టు కూడా జారింది. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచి, ఇంకాస్త పులిమి, "కోళ్లకు పిల్లలు తప్పిపోవుడు గూడ ఒక కథేనా?" అన్నాడు. ఇంటికి పోయే దారిలో ప్రభావతి ఒక గోడ పక్కన వంగి కక్కుకుంది.

జ్ఞానశేఖర్ ఆ పదింటినీ బల్ల మీద వరసగా తెరిచి పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత షాపు చీటీ ఒకటి తీసి, పన్నెండు పుస్తకాలూ మరకలు పడి వాపసుకు పనికిరావని రాసి ఇచ్చాడు. "బాగా పరిశీలించారమ్మా మీ వాళ్లు," అన్నాడు.

దసరా రెండు రోజులుందనగా కమిటీ మళ్లీ కూర్చుంది. శ్రీపతి చీటీ చదివాడు. వకీలు కళ్లెర్రజేసి, "ఎవరు చేసిన్రు గిది? పుస్తకాలు ఇట్ల ఖరాబు చేసుడేంది?" అని గద్దించాడు. ఆ గద్దింపులోనే ఒక చినుకు చీటీ మీద పడింది. శ్రీపతి చీటీ చూశాడు, చినుకు చూశాడు, మొదటిసారి తల ఊపడం మర్చిపోయాడు. మొగులయ్య లేచి నిలబడ్డాడు.

"నాకు చదువు రాదు గని ఎరుపు కనపడతది వకీల్ సాబ్. మా అమ్మ పేరు మీద ఇచ్చిన పైసలు. ఉంచుండ్రి, పిల్లలు చూస్తరు," అన్నాడు.

అంతటితో నీతి పుస్తకం మళ్లీ చెదలకే మిగిలింది.

అయితే వకీలు ఊరికే ఉంటే వకీలెందుకు అవుతాడు? దసరా రోజు బడిలో దండ వేయించుకుని, తల వెనక్కి వాల్చి, ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ పన్నెండు పుస్తకాలు నేను పేజీ పేజీ స్వయంగ చూసి ఏరినయి. నా చెయ్యి పడని పేజీ లేదు," అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ ఒక్క మాటా నిజమే కావడం ప్రభావతికి మరీ అసహ్యంగా తోచింది.

పుస్తకాలు చాప మీద పరిచారు. రాత్రంతా తడిగుడ్డతో అద్దినా మరకలు పూర్తిగా పోలేదు. అహల్య ఎవరూ చెప్పకుండానే వచ్చి కోడిపిల్లల పుస్తకం ముందు కూర్చుంది. చెప్పులోది చూసింది. కుండ వెనకది చూసింది. తల్లికోడి రెక్క మీద మరక ఉన్న పేజీ దగ్గర ఆగి, ముక్కు ఆనించేంత వంగి వెతికింది.

"దొరికింది," అంది. గడ్డిలో, మరక పక్కనే, పసుపుపచ్చ ముక్కు కనిపిస్తోంది.

తలుపు దగ్గర లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వకీలుకు మాత్రం అదేం తెలుసు? మూతి తుడుచుకుంటూ వచ్చి పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. "శభాష్ బిడ్డా. ఇగ గిట్ల తిప్పాలె," అని వేలు నాలుక మీద రాసి పేజీ తిప్పి చూపించాడు. అహల్య ఆయన్ని శ్రద్ధగా చూసింది. తన చిన్న వేలు నాలుక మీద పెట్టుకుంది. తీసుకెళ్లి ఆ ఎర్రటి మూల మీదే అద్ది, పేజీ తిప్పి, మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకోబోయింది.

ప్రభావతి ఆ చెయ్యి పట్టుకుంది. ఆ పాన్ కట్టింది తనే. పళ్లెం పట్టుకుని నిలబడి, ఇదొక్కటి చూడుండ్రి అని అందించింది తనే. ఇప్పుడు ఆ మురికి ఈ పిల్ల నోటి దాకా వచ్చింది. తన కొంగుతో పిల్ల వేలు గట్టిగా తుడిచింది. లేచి బల్ల సొరుగులోంచి కత్తెర తెచ్చి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కింది మూలను కరకరా కత్తిరించడం మొదలుపెట్టింది.

వకీలు గాభరాపడ్డాడు. "ఏందమ్మా, పండుగ పూట కొత్త పుస్తకాలు కోస్తున్నవు?"

ప్రభావతి తలెత్తింది. దండలు తెచ్చినవాళ్లు, తల్లులు, మొగులయ్య, శ్రీపతి, అందరూ చూస్తున్నారు. ఈసారి మాట గొంతులో ఆగలేదు.

"మీ ఎంగిలి కోస్తున్న వకీల్ సాబ్. పేజి పేజికి పూసిన్రు కద. అది పూసేటట్టు పాన్ కట్టి తెచ్చింది నేనే. గందుకే నేనే కోస్తున్న."

వకీలు బుగ్గలో పాన్ కదలడం ఆగిపోయింది. ఉమ్మడానికి చోటు వెతుకుతూ అటూ ఇటూ చూశాడు గానీ, చుట్టూ పిల్లలే ఉన్నారు. గుటక వేసి బయటికి నడిచాడు. ఈ ఉద్యోగం వారం కూడా ఉండదని ప్రభావతికి తెలుసు. అయినా కత్తెర ఆపలేదు.

అహల్య కిందపడిన ఎర్రటి ముక్కలన్నీ కాలితో దూరంగా నెట్టింది. తర్వాత వానలో తడిసే పిల్లల పుస్తకాన్ని పై అంచు పట్టుకుని మోసుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"దీనిది గూడ కొయ్యి పంతులమ్మా," అంది.