ఆఖరి మజిలీకి వచ్చిన పెళ్ళిసంబంధం

కంపెనీ మూతపడిన రోజు ఉద్యోగులంతా తలా ఒక కుర్చీయో ఫ్యానో పట్టుకుపోతుంటే, కోడలు మాత్రం ఎవరూ వద్దన్న పాత సర్వరు యంత్రాన్ని చంకనేసుకుని బస్సెక్కింది. ఇంటికొచ్చి, వంటింటి పక్క సామాన్ల గదిలో సబ్బులు పెట్టుకునే అర ఖాళీ చేసి, దాన్నక్కడ కూర్చోబెట్టి తీగలు తగిలించింది. అది పొద్దస్తమానం ముక్కు దిబ్బడేసిన మనిషిలా బుస్సుమంటూ ఉండేది.

ఆ ఇంట్లో పని లేనివాళ్ళు ఎవరూ లేరు. మామగారు గడియారాలు బాగుచేస్తారు. ఆయన అక్కగారు, ఇంటిల్లిపాదికీ పెద్దత్త, పెళ్ళిసంబంధాలు కుదురుస్తుంది. ఇంకా పెళ్ళికాని ఆడపడుచు శవపేటికలు చేస్తుంది. మొగుడు రైలు నడుపుతాడు. ఇంట్లో ఉన్న కాసేపూ నిద్రపోతాడు కాబట్టి అతనితో మనకు పెద్దగా పని పడదు.

"ఊరికే కూచుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. మీ ముగ్గురికీ తలా ఒక వెబ్‌సైటు పెడతాను" అంది కోడలు.

పెద్దత్త గుండెలమీద చెయ్యేసుకుంది. "ఆ ఒక్క డబ్బాలోనేనా ముగ్గురమూ? నా పెళ్ళిళ్ళూ దాని పెట్టెలూ ఒకే చోటా? చూసినవాళ్ళు ఏమనుకుంటారే!"

"ఎవరికీ తెలీదు పెద్దత్తా. వీధిలో ఇంటి నంబరు ఒకటే, లోపల గదులు మూడు అనుకో. వచ్చినవాడు వాకిట్లో నిలబడి ఫలానా వాళ్ళ కోసం వచ్చానని పేరు చెబుతాడు. సర్వరు ఆ పేరు విని తిన్నగా ఆ గదిలోకి పంపుతుంది. పక్క గది ఉందన్న సంగతే వాడికి తెలీదు."

"పేరు తప్పు చెబితే?" అన్నారు మామగారు, కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

"మొదటి గదిలోకి పంపేస్తుంది."

మొదటి గది ఎవరిదని ఎవరూ అడగలేదు. కోడలు కూడా ఆలోచించలేదు. ఇంటిపేరు మీద ఒక చిరునామా తీసుకుంది. దాని ముందు ఏ పేరు తగిలించి కొట్టినా ఈ యంత్రానికే వచ్చేలా పెట్టింది. ముగ్గురికీ మూడు ఫైళ్ళు రాసింది. ఆడపడుచుది 'ఆఖరి మజిలీ', మామగారిది 'గడియారాల వైద్యశాల', పెద్దత్తది 'తొలిచూపు'. సర్వరుకి చిన్నాపెద్దా తెలీదు, అక్షరక్రమమే తెలుసు. అందుకని 'ఆ' మీద మొదలైన ఆఖరి మజిలీ అన్నిటికన్నా ముందు గదైపోయింది.

ఆ పేజీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. "నా దగ్గరికి ఏడుస్తూ వస్తారు. చావు, శవం, పెట్టె అనే మాటలు ఎక్కడా కనపడకూడదు" అని ఆడపడుచు షరతు పెట్టింది. సరేనని కోడలు తెల్లటి పూలు పెట్టి, ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ పెట్టి, కింద ఇలా రాసింది: 'మీ ఆత్మీయుణ్ణి మా చేతుల్లో పెట్టండి. ఆపైన మీకు ఏ చింతా ఉండదు.' దాని కింద ఫోన్ నంబరు. ఆడపడుచు చూసి కళ్ళు తుడుచుకుంది. అంత బాగా కుదిరింది.

పెద్దత్త సంబరంగా కొత్త కార్డులు వేయించింది. ప్రెస్సువాడు 'తొలిచూపు' చిరునామాలో ఒక అక్షరం మింగేశాడు. ఆ కార్డులు పెద్దత్త సంచిలోంచి ఊరంతటికీ చేరాయి.

ఆ తర్వాత పెద్దత్త ఫోను మూగబోయింది. "నా సైటుకి ఏం మందు పెట్టావే?" అని కోడలి మీద కస్సుమంది. కోడలు సరైన చిరునామా కొట్టి చూపించింది. పేజీ చక్కగా వచ్చింది. "మరి మనుషులేరీ?" అంటే మళ్ళీ కొట్టి మళ్ళీ చూపించింది. అటు ఆడపడుచుకి మాత్రం ఫోన్లు తెగ వస్తున్నాయి. చాలామంది వయసెంతని అడగ్గానే సిగ్గుపడి పెట్టేస్తున్నారు. చావుకి సిగ్గెందుకో ఆమెకు అంతుపట్టలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున ఒకావిడ ఫోన్ చేసింది. కొడుక్కి ఇరవై సంబంధాలు చూసి విసిగి వేసారిన తల్లి. 'ఆఖరి మజిలీ' అన్న పేరు చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చిందట.

"మా అబ్బాయి కోసమండీ."

"అయ్యో" అంది ఆడపడుచు మెత్తగా. "వయసెంతండీ?"

"ముప్పై నాలుగు నిండాయి."

"చిన్నవయసు, పాపం."

"ఆ మాట అన్నది మీరొక్కరే తల్లీ! ఊరంతా ముదిరిపోయాడంటోంది."

దుఃఖంలో మనుషులు ఏదైనా అంటారని ఆడపడుచుకి అనుభవమే. "ఎత్తు?"

"అక్కడే వచ్చింది చిక్కంతా. ఆరడుగుల మూడంగుళాలు. సరిపడేది ఎక్కడా దొరకడంలేదు."

"నేను చూస్తానుగా. ఇంకెక్కడైనా అడిగారా?"

"అడక్కపోవడమేమిటి! ఒకటి మరీ పొట్టి. ఒకటి మరీ పలచన. ఒకటి పైకి నదరుగానే ఉంది గాని లోపలంతా డొల్ల."

"పలచనవి అస్సలు వద్దండీ. బరువు ఆనవు."

"మా ఇంట్లో బరువు పనులేం ఉండవులెండి. ఆడంబరం అక్కర్లేదు, గట్టిగా ఉంటే చాలు."

"నా చేతిమీదుగా వెళ్ళింది ఒక్కటీ వెనక్కి రాలేదండీ."

"ఆ మాట చాలమ్మా!"

"అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంట్లోనే. పడుకునే ఉన్నాడు. నేనూ లేపలేదు."

ఆడపడుచు కొలత రాసుకుంది. "సాయంత్రానికల్లా తీసుకొచ్చేస్తాను."

"ఇవాళేనా? మేమొచ్చి చూడక్కర్లేదూ?"

"ఇలాంటప్పుడు మిమ్మల్ని తిప్పుతానా అమ్మా? మీరు కదలకండి."

షెడ్డులో ఆవిడ చెప్పిన ఎత్తుకి జానెడు మించిన పొడుగుపాటిది ఒకటి సగం చేసి ఉంది. ఆడపడుచు చిత్రిక పట్టి, మూలలు బిగించి, మెరుగుపెట్టింది. ఆదివారం కావడంతో మోయడానికి పనివాడు లేడు. "అమ్మాయ్, ఒక చెయ్యి వేస్తావా? కన్నతల్లి, పాపం" అంటే కోడలు సరేనని వ్యాను ఎక్కింది. ఇద్దరూ ముదురు రంగు చీరలు కట్టుకుని, మొహాలు వీలైనంత దిగాలుగా పెట్టుకున్నారు.

ఆ ఇంటి వాకిట్లో చెప్పులు వరసగా ఉన్నాయి. లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ముందుగదిలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొత్త దుప్పట్లు పరిచిన కుర్చీల్లో కూర్చుని, పళ్ళెంలో బిస్కెట్ల మీద కన్నేసి ఉన్నారు. ఆడపడుచు ముందు, కోడలు వెనక, పెట్టె మధ్యలో. గడప దాటారు.

ఆ తల్లి ఎదురొచ్చింది. "రండమ్మా, రండి! ఇద్దరొచ్చారే! మీలో పెళ్ళికూతురు ఎవరు?" అని, పెట్టె వంక చూసి, "అప్పుడే సామాను కూడా తెచ్చేసుకున్నారా!" అంది.

ఆడపడుచు తల వంచుకుని, "అబ్బాయి ఎక్కడండీ?" అంది.

"అదిగో, నిలబడ్డాడు."

గోడ వారగా, కొత్త చొక్కాలో ఇరుక్కుని, తల కొద్దిగా వంచి ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. "నమస్కారమండీ" అన్నాడు.

ఆడపడుచు చేతిలోంచి పెట్టె జారింది. ఆ ఊపుకి కోడలి వైపు అంచు కూడా జారి ఆమె పాదం మీదే పడింది. అబ్బా అని ఒంటికాలి మీద గెంతుతూ బల్ల పట్టుకునేసరికి, దాని మీద పెద్దత్త కార్డు కనపడింది. చిరునామా చదివింది. ఇంకోసారి చదివింది. మింగేసిన అక్షరం దొరికింది. కాలి నొప్పి కాస్తా తలకెక్కింది.

"అమ్మా... మీరు తలుపు తప్పి వచ్చారు" అంది.

ఆ తర్వాత జరిగిన గోల చెప్పడం కష్టం. పెట్టె ఏమిటో పొరుగావిడకి ముందు అర్థమైంది. ఆవిడ కెవ్వుమంటే మిగతావాళ్ళు వంతపాడారు. తల్లి కోడల్ని, ఆడపడుచుని, ఇంటర్నెట్టుని కలిపి ఒకే గుక్కలో తిట్టింది. "బతికున్న కొడుక్కి పెట్టె కొలత ఇచ్చానా దేవుడా!" అని కూలబడింది. కోడలు మొదటి గదీ రెండో గదీ అని వివరించబోయింది గాని, ఆ గొడవలో అది ఎవరికి పడుతుంది?

ఆ సందట్లో పొడుగబ్బాయి ఏమయ్యాడో ఎవరూ చూడలేదు. కాసేపటికి గది మధ్యనుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, నా కాళ్ళు పూర్తిగా చాపుకున్నాను."

పెట్టెలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహంలో అంత హాయి వాళ్ళమ్మ ఎన్నడూ చూసి ఉండదు. "చిన్నప్పట్నుంచీ మంచం చివర గాల్లో వేలాడేవమ్మా నా కాళ్ళు. ఇది చూడు, తల దగ్గర కూడా సందుంది" అంటున్నాడు. అతన్ని లేపడానికి ముగ్గురు పట్టాల్సొచ్చింది. పెట్టెను వెనక్కి తీసుకెళ్ళేవరకూ ఆ తల్లి గుమ్మంలోనే నిలబడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ నడిచింది. కోడలు జరిగిందంతా చెప్పి, దారితప్పినవాళ్ళంతా ఆఖరి మజిలీకి చేరుతున్నారని ఒప్పుకుంది. క్షమాపణ చెబుదామనుకుంది గాని, ఎవరికీ క్షమాపణ అక్కర్లేదు. అందరికీ మొదటి గది కావాలి.

"పెద్దదాన్ని. నన్ను ముందు పెట్టు" అంది పెద్దత్త.

"ఇంటి యజమానిని నేను" అన్నారు మామగారు. "దారితప్పినవాడికి ముందు కావలసింది టైమెంతైందో తెలియడం."

"ఎవరు ఎటు తిరిగినా చివరికి నా దగ్గరికేగా రావాలి!" అంది ఆడపడుచు.

మర్నాడు పొద్దున్నే పెద్దత్త తన సంస్థ పేరు 'అఅఅ తొలిచూపు' అని మార్చేసింది. అది విని మామగారు భూతద్దం దించి, అక్షరాలకన్నా ముందు అంకెలొస్తాయా అని కోడల్ని అతి మామూలుగా అడిగారు. పాపం ఆ పిల్ల నిజం చెప్పింది. మధ్యాహ్నానికి '0 గడియారాల వైద్యశాల' బోర్డు తయారైంది. ఇది రెండు సున్నాల దాకా వెళ్తే ఇల్లు రెండుముక్కలవుతుందని కోడలికి భయమేసింది. యంత్రం ముందు కూర్చుని అన్నిటికన్నా ముందు ఒక కొత్త గది కట్టింది. అందులో కుర్చీ లేదు, బొమ్మ లేదు. ఒక్క వాక్యం: 'మీరు తలుపు తప్పారు. ఎవరు కావాలో ఈ నంబరుకి చెప్పండి.' నంబరు మాత్రం తనదే ఇచ్చింది.

"ఎవరూ లేని గదికి వీధివాకిలా!" అని మామగారు నొచ్చుకున్నారు. కానీ తోబుట్టువుకి దక్కలేదన్న తృప్తి ఉంది. అక్కగారికీ అదే తృప్తి. ఆ పూట ఇద్దరూ కలిసి టీ తాగారు.

ఆ నంబరుకి మొట్టమొదట ఫోన్ చేసింది పొడుగబ్బాయే. వాళ్ళమ్మ పారేసిన కార్డు ఏరుకుని చిరునామా కొట్టాడట. "ఆ పెట్టె చేసినావిడ కావాలండీ. మూత లేకుండా అలాంటిది చేస్తారేమో అడగాలి" అన్నాడు. కోడలు షెడ్డుకి దారి చెప్పి, కుంటుకుంటూ తనూ వెళ్ళింది. చూడకుండా ఎలా ఉండగలదు?

ఆడపడుచు అతన్ని గోడకి నిలబెట్టి టేపు పట్టింది. బల్లెక్కాల్సొచ్చింది. "మీ అమ్మగారు చెప్పినదానికన్నా రెండంగుళాలు ఎక్కువున్నారే!"

"సంబంధాలు పోతాయని తగ్గించి చెబుతుందండీ."

"పెళ్ళివాళ్ళ దగ్గర తగ్గించుకోండి. వడ్రంగి దగ్గర తగ్గిస్తే మోకాళ్ళు ముడుచుకోవాలి."

అతను నవ్వాడు. ఆమె బల్ల దిగబోయి, దిగకుండా అక్కడే నిలబడి మాట్లాడింది. అలా ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి. మంచానికి కొయ్య గురించి, లిఫ్టు మధ్యలో ఆగితే జనం ఏమేం మాట్లాడుకుంటారో దాని గురించి, చాలాసేపు మాట్లాడుకున్నారు. కోడలు రంపప్పొట్టు కుప్ప మీద కూర్చుని, వాపెక్కిన కాలు చాపుకుని విన్నది. తను అక్కడున్నట్టు వాళ్ళిద్దరికీ గుర్తులేదు.

మంచం పూర్తి కావడానికి ఆడపడుచు మామూలుకన్నా చాలా ఎక్కువ రోజులు తీసుకుంది. రోజూ ఏదో ఒక కొలత మళ్ళీ చూడాల్సొచ్చేది. పొడుగబ్బాయి తల్లి మొదట్లో ఆ షెడ్డు గాలి సోకడానికే వీల్లేదంది. తర్వాత ఒకరోజు తనే వచ్చి, ఆడపడుచుని పైనుంచి కిందికి చూసి, ఒక పలక మీద గట్టిగా చరిచి, "పలచన కాదులే" అంది. అది పలక గురించో మనిషి గురించో ఎవరూ అడగలేదు.

పెళ్ళయింది. కుదిర్చింది తానేనని పెద్దత్త ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కాదనడానికి కోడలికి తీరికే ఉండదు. దారితప్పినవాళ్ళు ఇంతమంది ఉంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. నిన్న కూడా ఒక పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, నేనెవరి కోసం వచ్చానో మర్చిపోయాను. కాస్త ఆగండి, గుర్తొస్తుంది" అన్నాడు. కోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాయగూరలు తరుగుతూ ఆగింది.