పసిముద్ర

పొద్దున్న లేవగానే ఏసమ్మ చేసే మొదటి పని వేళ్ళకి ఆముదం పట్టించడం. పలాస పక్కల జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళందరికీ అదే అలవాటు. ఎంత పట్టించినా పిక్కలోంచి చిమ్మే జీడి ఊరుకోదు. ముందు వేళ్ళు నల్లబడతాయి, తరవాత తోలు లేస్తుంది, పాతికేళ్ళు తిరిగేసరికి వేలిమీది గీతలన్నీ పోయి గులకరాయిలా నున్నబడుతుంది. ఏసమ్మకి రెండు చేతులకీ కలిపి ఒక్క గీత మిగల్లేదు.

దానివల్ల వీధికి ఒక మేలు జరిగింది. నున్నటి వేలికి ఎదటివాళ్ళ ముద్ర చక్కగా అంటుకుంటుంది. వేలిముద్ర పడితేగాని బియ్యమివ్వని రేషను డిపో కాడ నిలబడితే సగం రోజు కూలి పోతుంది కదా, అందుకని నెల మొదట్లో నాలుగిళ్ళవాళ్ళు ఏసమ్మకి ముద్రలిచ్చి పంపేవారు. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినంత తేలిక. చిక్కటి గంజిలో ఇద్దరూ వేళ్ళు ముంచి, వేలికి వేలు ఆనించి, పరలోక ప్రార్థన చెప్పుకునేంతసేపు ఉంచితే చాలు. ప్రార్థన రానివాళ్ళు ఇరవై లెక్కపెట్టుకుంటారు. బొటనవేలి మీద బుల్లమ్మ, చూపుడువేలి మీద ధనలక్ష్మి, అలా వేలికొక మనిషిని మోసుకెళ్ళి, బియ్యం తెచ్చి, దీపాలవేళకి ఎవరి ముద్ర వాళ్ళకి అప్పజెప్పేది.

ముద్ర తిరిగొచ్చేదాకా, ఇచ్చిన చెయ్యి తగిలినా ఎవరికీ తగలదు. ఆ చేత్తో మనిషిని పట్టుకుంటే పట్టుకున్నట్టు ఆ మనిషికి తెలీదు. ఆ చేతిని మనం పట్టుకున్నా గాలిని పట్టుకున్నట్టే. బుల్లమ్మ ఓసారి మరిచిపోయి ఆ చేత్తోనే గేదెని పితకబోయింది, గేదె చేపలేదు. "నా సేతికి ముద్దరున్నపుడూ నా మొగుడికి ఇంతేనే, గేదొక్కటే కొత్త" అని వీధంతా నవ్వించింది. అరిగిపోయిన చేతులూ అలాంటివే, కాకపోతే వాటి తాకిడి మసక మసగ్గా తెలుస్తుంది. మరీ అరిగితే అదీ తెలీదు.

పిల్లల దగ్గర మాత్రం ఎవరూ తీసుకోరు. పసిముద్ర పచ్చిది, వెళ్ళినచోటే అతుక్కుపోతుంది, మళ్ళీ రాదు. పక్కవీధి సోములు ముద్ర వాడి మూడో ఏట వాడి తాత తీసేసుకున్నాడు. సోములుకిప్పుడు నలభై. ఎవరి భుజం మీదైనా చెయ్యి వెయ్యాలంటే ముందు దగ్గుతాడు. బస్సులో జేబుదొంగ అనిపించుకుని రెండుసార్లు తన్నులు తిన్నాడు, జన్మలో ఒక్క జేబు కొట్టినవాడు కాడు.

ఏసమ్మకి ఒక్కతే కూతురు, రూబీ. లారీ బోల్తాపడి రూబీ మొగుడు పోయేనాటికి ఆమెకి కడుపుతో ఆరో నెల. పుట్టిన పాపకి ఎనిమిది నెలలు రాగానే తల్లి ఒళ్ళో పెట్టేసి, మద్రాసు అవతల కార్ల సామాను చేసే ఫ్యాక్టరీలో చేరింది. కరెంటు కార్ల మోటార్లకి రాగితీగ చుట్టే పని. చుట్టిన చుట్టలకి వార్నిష్ పట్టించి, వేడి ఆరకముందే వేళ్ళతో సర్దాలి. హాస్టల్లో గదికి పదిమంది. నాలుగేళ్ళలో నాలుగుసార్లు ఇంటికొచ్చింది. పాప పేరు అనిత. అది ఏసమ్మని అమ్మా అంటుంది, రూబీని రూబీ అంటుంది.

నిరుడు హైవే పక్క జీడితోటలు కొట్టేసి పొడుగాటి షెడ్లు కట్టారు. టెంటు వేసి మీటింగు పెట్టారు. ఇన్నాళ్ళూ ఓడల్లో పైదేశాల నుంచి దిగిన సామాను ఇక ఇక్కడే తయారవుతుందనీ, కరెంటు కార్లకీ, సగం పెట్రోలు సగం కరెంటు కార్లకీ మోటార్లు ఇక్కణ్ణించే వెళ్తాయనీ, మన పిల్లలు మనింటి అన్నం తిని డ్యూటీకి పోతారనీ చెప్పారు. చెప్పినవి అబద్ధాలేం కావు. షెడ్లు నడిచాయి. పని తెలిసిన పిల్లల్ని రమ్మని ఊరూరా కబురు పెట్టారు. రూబీ ఉన్న పని మానేసి, రెండు సంచులతో వచ్చి దిగింది.

పరీక్షలో రూబీ చుట్టినంత చురుగ్గా మరొకరు చుట్టలేదు. తీరా గేటు కాడ మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రగా వెలిగింది. సబ్బుతో కడిగి పెట్టింది. నిమ్మచెక్కతో తోమి పెట్టింది. ఎర్రగానే వెలిగింది. పాతికేళ్ళలో జీడి చేసిన పని వార్నిష్ నాలుగేళ్ళలో చేసేసి, ఇంకా లోతుకి దిగింది. ఉద్యోగాల సంగతి చూసే యుగంధర్ మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ముద్ర ఎక్కకపోతే హాజరు పడదు, హాజరు పడనిదే మనిషి ఉన్నట్టు తను చూపించలేడు. సోమవారం దాకా చూస్తానన్నాడు. ఆ తరవాత జాబితాలో ఉన్న ఇంకొకరిని పిలవాలి.

సంగతి విని బుల్లమ్మే ముందు చెయ్యి చాపింది. మర్నాడు రూబీ ఆ ముద్రతో వెళితే మిషను పచ్చగా వెలిగి బుల్లమ్మ పేరూ, వయసూ, రేషను కార్డు నెంబరూ చూపించింది. ధనలక్ష్మి ముద్రతో వెళితే ధనలక్ష్మి అంది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఏనాడో మిషను లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళు అయిదేళ్ళు నిండని పిల్లలే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. బుల్లమ్మ ఒక్కసారి పాప వంక చూసి, చూసినందుకు తనకే సిగ్గేసి లేచి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దుటికి రూబీ సంచులు సర్దేసింది.

"అమ్మా, నీ మనసులో ఏటున్నాదో నాకు తెలుసు" అంది.

"నానేటీ అన్నేదు."

"అన్నేదు గానీ గంజి ఏల వార్సినావు? మనం తినేది కుక్కరన్నం."

ఏసమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

"రేపు సాయంత్రం మద్రాసు బండికి ఎల్లిపోతాను. దాని సెయ్యి ముట్టుకున్నావంటే ఇంక నువ్వు నాకు అమ్మవి కావు."

"ఎల్లు. ఎల్లి మళ్ళీ ఏడాదికి రా. అప్పటికి అది నిన్ను రూబీ అని కూడా అనదు. ఎవులే ఈవిడ అని నన్నడుగుతాది."

రూబీ సంచి మూతి బిగించి కట్టింది.

ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక రూబీ పాపని పక్కలో వేసుకుని జోకొట్టింది. బండికి ఇంకా నాలుగు గంటలుంది. కాసేపటికి పాప తల ఎత్తి "అమ్మా, జోకొట్టవా" అని ఏసమ్మని పిలిచింది.

"రూబీ కొడతంది కదే."

"ఏదీ?" అంది పాప, వీపు తడుముకుని.

రూబీ కొడుతూనే ఉంది. పాప నిద్రపోయాక కూడా కొట్టింది. కొట్టి కొట్టి తనూ కళ్ళు మూసుకుంది.

ఏసమ్మ గోడకి చేరగిలబడి ఇద్దరినీ చూసింది. ఒకే పోలిక, ఒకే ముక్కు. పిక్కల షెడ్డులో పొగకి తన రొమ్ము ఎన్నాళ్ళు ఆగుతుందో తెలీదు. తను పోతే ఈ గుంటని ఎవరు చూస్తారు? హాస్టల్లో పదకొండో మనిషిగా రానిస్తారా? సోములు బతకలేదా, పెళ్ళి కాలేదా, ఇద్దరు పిల్లలు పుట్టలేదా? మిషనుకి కావలసింది ఒక్క బొటనవేలే. అలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్ళి గంజి వెచ్చబెట్టింది.

పాప కుడి బొటనవేలూ, రూబీ కుడి బొటనవేలూ తడిపి ఒకదానికొకటి ఆనించింది. ప్రార్థన మొదలుపెట్టింది. కీడు నుంచి తప్పించమని అడిగే చోటికొచ్చేసరికి నోరు తిరగలేదు. అక్కడ ఆపేసి, బుల్లమ్మలాగ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టింది.

రూబీ కళ్ళు మూసుకునే ఉంది. రెప్పల కింద గుడ్లు కదిలినట్టు అనిపించింది ఏసమ్మకి. వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం రూబీ అలవాటు కొద్దీ పాప జుట్టు సవరించబోతే, పాప ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఆ చెయ్యి ఎవరిదో కొత్తగా కనిపెట్టినట్టు వేళ్ళ నుంచి మొహం దాకా చూసుకుంటూ వెళ్ళింది. తరవాత పిల్లిపిల్లలాగ తల తెచ్చి ఆ అరచేతి కింద పెట్టింది. రూబీ బండికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు, ఏసమ్మ అడగలేదు.

సోమవారం మిషను పచ్చగా వెలిగి, పేరు లేని కొత్త ముద్ర అంది. యుగంధర్ రూబీ అని ఎక్కించి, నాలుగు రోజులు ఆముదం రాస్తే ఎవరికైనా వస్తాయి గీతలు అని సంతోషించాడు.

వారం తిరిగేసరికి పాప జడ రూబీయే వెయ్యాలి, అన్నం రూబీయే కలపాలి. రెండో వారం రూబీని అమ్మా అంది. ఏసమ్మ అమ్మమ్మ అయింది, దానికి కాస్త కష్టమనిపించినా సరిపెట్టుకుంది. పాప చేతికి వచ్చిన లోటేమీ పైకి కనబడదు. పలక పట్టుకుంటుంది, గ్లాసు ఎత్తుతుంది. మనుషులకే అందదు. నిద్రలో పాప తన మెడ మీద చెయ్యి వేసినప్పుడల్లా ఏసమ్మ కళ్ళతో చూసి తెలుసుకునేది. రూబీకి తెలిసిందో లేదో తెలిసేది కాదు. ఆమె డ్యూటీ నుంచి రావడం, చంకన ఎత్తుకోవడం, దింపడం. ముద్ర మాట ఇంట్లో పుట్టలేదు.

మూడో వారంలో ఒకరోజు పాప పేచీ పెడితే, డ్యూటీ దిగేవేళకి ఏసమ్మ దాన్ని గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆడపిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. వార్నిష్ డబ్బా ఇక్కడా అదేననీ, పని ఇక్కడ ఇంకా జోరనీ, వేలి గీతలు రెండేళ్ళు ఆగితే గొప్పనీ ఎవరో వేళ్ళు చూసుకుంటూ అంటున్నారు. వాళ్ళ మధ్యలో రూబీ కనబడగానే పాప చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. కాళ్ళ మధ్యలోంచి దూరివెళ్ళి తల్లి చిటికెనవేలు కుడిచేత్తో పట్టేసుకుంది.

రూబీ అలాగే నడిచి వచ్చింది. పాప కోసం ఏసమ్మకి వెనకా పక్కలా వెతికింది.

"పాపేదమ్మా? ఇంటికాడ ఒక్కర్తినీ ఒగ్గీసి వచ్చీసినావా?"

ఏసమ్మ కిందికి చూసింది. రూబీ కూడా చూసింది.

"నానిక్కడే ఉన్నాను కదమ్మా" అంది పాప. గోళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉంది.

రూబీ ఆ చేతి వంకా, దానిలో ఉన్న తన వేలి వంకా చూస్తూ నిలబడిపోయింది. వెనకొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళారు. ఏసమ్మ తిట్టు కోసం కాచుకుంది. నలుగురిలో తిట్టినా, కొట్టినా, అమ్మవి కావన్నా పడేది. రూబీ వంగి, పాపని అవతలి పక్కకి తిప్పుకుని, ఎడమచెయ్యి పట్టుకుంది.

"ఈ సెయ్యియ్యమ్మా" అంది పాపతో. "నాకిదే ఇష్టం."

పాప సరేనని, ఖాళీగా ఉన్న కుడిచెయ్యి ఏసమ్మకి అందించింది. ముగ్గురూ హైవే దాటాలి. అటు శ్రీకాకుళం వైపు నుంచీ, ఇటు ఇచ్ఛాపురం వైపు నుంచీ లారీలు వస్తూనే ఉన్నాయి. ఏసమ్మ వేళ్ళు ముడిచి అడుగు వేసింది. పాప చెయ్యి తన చేతిలో ఉందో, జారిపోయిందో చూస్తేగాని తెలీదు. అది చూస్తూ ఉంటే లారీలు కనబడవు.