ఆమేన్ అనని ఆదివారం

"...సారిక అనబడే వ్యక్తిని ప్రభువు బల్ల నుంచీ, సంఘంలోంచీ వెలివేయడమైనది" అని చంద్రరావు గారు మైకులో చదివారు. మైకు గురగురలాడింది. ముందు వరుసలో కూర్చున్న అబ్రహాము తాతకి అది "వెలిగించడమైనది" అని వినబడింది. చంద్రరావు గారు చర్చికి కొత్త లైట్లు పెట్టించింది ఆ వారమే మరి. తాత రెండు చేతులూ పైకెత్తి, ఉన్న నాలుగు పళ్లతోనే "ఆమేన్! దేవునికి స్తోత్రం!" అని అరిచాడు.

వెనకాల చర్చి చర్చంతా "ఆమేన్" అంది.

తాతకి వినబడలేదు. మాకు వినబడింది, మేం వినలేదు. ముందు ఒకరంటే వెనక అందరం అనేయడం మా అలవాటు. ప్రార్థన చివర ఆమేన్, పాట చివర ఆమేన్. ఒకసారి ఎవరిదో గేదె తప్పిపోయిందని ప్రకటన చేస్తే దానికీ ఆమేన్ అన్న భక్తులం. నేనూ అన్నాను. నా గొంతేమీ చిన్నది కాదు. ఆటో నడుపుతాను. హారన్ పాడైతే నోటితోనే దారి తీసుకుంటాను.

చంద్రరావు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సంఘమంతా ఏకగ్రీవంగా ఆమోదించింది. సంతోషం" అన్నారు.

చంద్రరావు గారంటే మా చర్చి కమిటీ చైర్మన్. ఆ చైర్మన్‌లో చైరే తప్ప మనిషి ఎప్పుడూ కనపడలేదు. ఊరి బయట రొయ్యల షెడ్డు ఆయనదే, దాని పక్క ఐసు ఫ్యాక్టరీ ఆయనదే. ఐసు ఆయనదైనా, ఆయనకి ఐసు పెట్టేవాళ్లు మాత్రం మేమే. మా పేటలో సగం మంది ఆడవాళ్లు ఆ షెడ్డులో రొయ్యల తలలు తీస్తారు. ఆదివారం నాడు చర్చికొచ్చి ఆయన ముందు తలలు ఊపుతారు. మగవాళ్లం మేం రోజూ ఊపుతాం.

మా చర్చిలో మగవాళ్లు కుడివైపు చాపల మీద, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. సారికది మా పేటే. పుట్టినప్పుడు మగపిల్లాడని ఊరు ఒక పేరు పెట్టింది. కాదని తను ఇంకో పేరు పెట్టుకుంది. కాకినాడలో ఉన్నన్నాళ్లుండి, తిరిగొచ్చి షెడ్డులో పనికి చేరింది. చర్చికొస్తే ఏ చాప మీద కూర్చోవాలో మేమెవరం చెప్పలేదు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చునేది. "పోనీలే, అక్కడ గాలి బాగా వస్తుంది" అనుకున్నాం. ఎంత దయగల జనమో చూడండి.

ఆ ఆదివారం తెల్లచీర కట్టుకొచ్చింది. ఆ రోజు ఆమెకి బల్ల ఇస్తానని, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం అందరితోపాటు ఇస్తానని, ఫిన్నీ పాస్టరు గారు మాటిచ్చారు. ఇప్పుడాయన తలెత్తకుండా పాటల పుస్తకం తిరగేస్తున్నారు.

సారిక లేచి నిలబడింది. మైకు వైపు చూడలేదు. ఎడమవైపు చాపల మీద, షెడ్డులో తన పక్క బల్ల దగ్గర పనిచేసే మెర్సీని చూసింది.

"మెర్సీ అక్కా, నువ్వు కూడా అన్నావా?"

మెర్సీ కొంగు సర్దుకుంది. సారిక చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది. పాస్టరు గారు ఆశీర్వాదం ఇచ్చారు. ఆమేన్ అన్నాం.

సోమవారం పొద్దున్న నా ఆటో ఎక్కిన ఆడవాళ్లు ఒక్కరు మాట్లాడితే ఒట్టు. మామూలుగా ఆ ఆటో చేపల బజారు లాగా ఉంటుంది. నవ్విద్దామని నేనే మొదలెట్టాను. "ఏంటమ్మా, రొయ్యలకన్నా ముందు మీ తలలు ఎవరు తీసేశారు?"

"నువ్వు నోర్ముయ్యి బాబాయ్. రోడ్డు చూసి తోలు" అంది మెర్సీ.

షెడ్డు గేటు దగ్గర సారికని ఆపేశారు. చంద్రరావు గారే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"దేవుడింట్లో చోటు లేనిదానికి నా షెడ్డులో చోటెక్కడిది? నేనన్న మాట కాదు. నిన్న సంఘమంతా ఆమేన్ అంది. ఏమ్మా, అన్నారా లేదా?"

"ఆయ్, అన్నామండి" అంది ఎవరో.

"ఇక లోపలికి పదండి."

"ఆయ్, అలాగేనండి."

అందరూ లోపలికి వెళ్లిపోయారు. ఆ 'ఆయ్' మా గోదావరి వాళ్ల నోట్లో ఉమ్మి లాంటిది, తెలియకుండానే ఊరుతుంది. గేటు బయట సారిక ఒక్కతే మిగిలింది. ఆటోలో నేను మిగిలాను. ఎక్కమన్నాను. ఎక్కలేదు. నడిచి వెళ్లిపోయింది.

పనిచేసే అన్నలారా, చదువుకునే పిల్లల్లారా, అసలు సంగతి ఇక్కడుంది. ఆయన కోపం తెల్లచీర మీద కాదు. ఐసు నీళ్లలో పొద్దస్తమానం చేతులు పెట్టి ఆడవాళ్ల వేళ్ల సందులు నాని పాసిపోతున్నాయి. రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోట చీము పడుతోంది. అన్నం కలుపుకోవాలంటే మంట. ముందటి వారం సారిక షెడ్డు మధ్యలో నిలబడి, "గ్లౌజులు ఇప్పించండి సార్, అందరికీ" అని అడిగింది. ఆ అడిగిన నోటికి ఆయన బైబిలు అడ్డం పెట్టాడు. ప్రభువు బల్లని బల్లెం చేసి పొడిచాడు. ఆ బల్లేనికి పిడి వేసి ఇచ్చింది మేం.

ఆ సాయంత్రం అబ్రహాము తాత అరుగు దగ్గర జనం చేరారు. మెర్సీ ఆయన కోడలే. చెవి దగ్గర నోరు పెట్టి జరిగిందంతా చెప్పింది. అర్థమయ్యేసరికి తాత కర్ర నేలకేసి కొట్టాడు.

"లైట్లు వెలిగించాడు అనుకున్నానే! పిల్లని వెలేశాడా? దానికి నేను స్తోత్రం చెప్పానా?"

"నీకు చెవుడు మావయ్యా. నీ తప్పేం లేదు."

"మరి మీ అందరికీ ఏమొచ్చిందే?"

అక్కడున్న మాకెవరికీ చెవుడు లేదు. చెవుడుంటే బాగుండునని నాకు జన్మలో మొదటిసారి అనిపించింది.

రమేష్ బాబు గొంతు సవరించుకున్నాడు. షెడ్డు ఆఫీసులో గుమాస్తా. కమిటీలో సభ్యుడు. "అది కాదు తాతా, రేపు బయటి సంఘాలవాళ్లు ఏమనుకుంటారు? పరువనేది ఒకటుంటుంది. పాపాన్ని వెనకేసుకురమ్మంటారా?"

మెర్సీ గిర్రున తిరిగింది. "పాపం గురించి నువ్వు మాట్లాడకు రమేషూ. మీ అమ్మ మంచాన పడితే, నీ పెళ్లాం ముక్కు మూసుకుంటే, ఒళ్లు తుడిచిందెవరు? సారిక. అప్పుడు మగదా ఆడదా అని అడిగావా?"

"నేనేం అనలేదు కదక్కా..."

"ఏం అనలేదు. ఆమేన్ అన్నావు. నేనూ అన్నాను. దాని మొహం చూస్తూ అన్నాను."

ఇంతలో సారిక వచ్చింది. తాత కబురు పెట్టించాడు. ఆడవాళ్లు ఏడుపు మొదలెట్టారు. ఒకామె వెళ్లి కాళ్లు పట్టుకోబోతే సారిక వెనక్కి జరిగింది.

"ఏడుపులొద్దు పిన్నీ. ఏడిస్తే మీ బరువు దిగుద్ది, నాకేంటి? నాకు బల్ల కావాలి. నా పని నాకు కావాలి. మీకు గ్లౌజులు కావాలి. ఏం చేస్తారో చెప్పండి."

"చంద్రరావు గారి కాళ్ల మీద పడదాం" అన్నారొకరు. "పైవాళ్లకి అర్జీ పెడదాం" అన్నారొకరు. నేను నోరు తెరిచాను.

"బాబాయ్, జోకులు తర్వాత" అంది సారిక.

"జోకు కాదమ్మా. ఆయన దగ్గర ఐసుంది, షెడ్డుంది, మైకుంది. మన దగ్గరున్నవి రెండే మాటలు. చర్చిలో ఆమేన్, షెడ్డులో ఆయ్. ఆ రెండూ మనం ఆపేస్తే?"

మెర్సీ అంది: "అనకపోతే చాలు. అంతేనా? మరి ఇన్నాళ్లూ ఎందుకన్నాం?"

ఆ ప్రశ్నతోనే ఇళ్లకి వెళ్లాం. నిద్ర సరిగ్గా పట్టలేదు ఎవరికీ.

ఆ వారమంతా షెడ్డులో 'ఆయ్' వినపడలేదు. సూపర్‌వైజరు అరిచినా, చేతులు పనిచేశాయి, నోళ్లు పనిచేయలేదు. ఆదివారం వచ్చింది. చర్చి నిండింది. సారిక గుమ్మం దగ్గరికి రాగానే మెర్సీ చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, ఎడమవైపు చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. చంద్రరావు గారి మొహం కొత్త లైట్ల కింద ఎర్రగా మెరిసింది.

పాస్టరు గారు ప్రార్థన చేసి, అలవాటు చొప్పున ఆగారు. మాకోసం ఆగారు.

ఏమీ రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

చంద్రరావు గారొక్కరే "ఆమేన్" అన్నారు. ఒక్క గొంతు అంటే అదెంత బక్కగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పాస్టరు గారు చెమట తుడుచుకున్నారు. ఇంకో ప్రార్థన. ఇంకో నిశ్శబ్దం. చంద్రరావు గారు లేచారు.

"ఏంటిది? గొంతులు పోయాయా?"

అబ్రహాము తాత కర్ర మీద లేచాడు. ఈసారి కోడలు చెవిలో చెప్పింది గనక సరిగ్గానే విన్నాడు. "ఇప్పుడొచ్చాయండి. పోయినవారం నేనిచ్చిన ఆమేన్ నాది నాకు ఇచ్చెయ్యండి. పొరపాటున ఇచ్చేను."

"మాదీ" అంది మెర్సీ. "మాది పొరపాటున కాదు. పిరికితనంతో ఇచ్చేం. అయినా వెనక్కిచ్చెయ్యండి."

బల్ల వేళయింది. మా చర్చిలో ముందు మగవాళ్లు వెళ్లి కటకటాల ముందు మోకరిస్తారు. వాళ్లు లేచాకే ఆడవాళ్లు. మగవాళ్లం లేవబోతుంటే మెర్సీ సారిక చెయ్యి పట్టుకుని ముందే నడిచింది. వెళ్లి నట్టనడుమ మోకరించారు. వెనకే షెడ్డు ఆడవాళ్లు లేచారు. నేను వెళ్లాను. తాతని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఆఖరికి రమేష్ బాబు కూడా వచ్చి చివర్లో, సగం మోకరించి ఆగాడు. కుడీ ఎడమా కలగాపులగం అయిపోయాయి.

"పాస్టరు గారూ!" చంద్రరావు గారి గొంతు ఉరిమింది. "ఆ ముక్క దానికిస్తే మీకు బదిలీ ఖాయం."

ఫిన్నీ పాస్టరు గారు రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడిపోయారు. "ఆయ్" అన్నారు. చంద్రరావు గారు తలూపారు. ఆయన మళ్లీ అన్నారు: "ఏ ఊరికండీ?"

రొట్టె ముక్క సారిక అరచేతిలో పెట్టారు. పాసిపోయి తెల్లబడిన అరచెయ్యి. సారిక "ఆమేన్" అంది, తనొక్కతే. మేం ఆమెతో గొంతు కలపలేదు. మాకింకా ఆ హక్కు రాలేదనిపించింది.

సోమవారం షెడ్డు గేటుకి తాళం. మా వాళ్లకి లోపలికి దారి లేదు. మెర్సీ ఆ తాళం వైపు చూస్తూ రోడ్డు మీద కూర్చుంది. పక్కన సారిక, ఆ వెనక అందరూ. కాసేపటికి వ్యాన్ వచ్చి ఆగింది. మా వాళ్ల బదులు పనికని పల్లిపాలెం నుంచి తెచ్చిన జాలర్ల ఆడవాళ్లు అందులోంచి దిగారు. వాళ్ల పెద్ద సుబ్బాయమ్మ, కొంగు నడుముకి చుట్టి వచ్చింది.

"ఏంటమ్మా గొడవ? మమ్మల్నెందుకు తెచ్చేరు?"

మెర్సీ చెప్పింది. దాచకుండా చెప్పింది. మేమే ఆమేన్ అన్నామని కూడా చెప్పింది.

సుబ్బాయమ్మ సారికని కిందికీ మీదికీ చూసింది. "మా గంగాలమ్మ జాతరకి ఇలాంటోళ్లని పిలిచి, మొక్కి, దిష్టి తీయించుకుంటాం. మీ దేవుడు అందరికీ తండ్రి అని మైకులు పెట్టి మరీ చెప్తారు కదేవమ్మా. ఆ మైకులోనే గెంటేశారా?"

ఆ మాట నా చెంప మీద పడింది. పక్కనున్న వాళ్ల మొహాలు చూస్తే, అందరికీ అక్కడే పడ్డట్టుంది.

సుబ్బాయమ్మ వ్యాన్ దగ్గరున్న తన వాళ్ల వైపు తిరిగింది. "రండే. కూర్చోండి. చీము పట్టే చేతులు వీళ్లవైతే ఏంటి, మనవైతే ఏంటి?"

లోపల రొయ్యలు. వలిచే చెయ్యి లేదు. ఎండ ఎక్కింది. గేటు కింద నుంచి కరిగిన ఐసు నీళ్లు సన్నగా వచ్చి, రోడ్డు మీద కూర్చున్న వాళ్ల చీరలు తడిపాయి. ఎవరూ లేవలేదు. చంద్రరావు గారు ముందు బెదిరించారు, తర్వాత బతిమాలారు. "సారికొక్కతి వెళ్లిపోతే అందరికీ గ్లౌజులు ఇస్తాను. సరేనా?" అన్నారు.

ఇన్నేళ్ల అలవాటు. ఎవరి నోటి నుంచైనా 'ఆయ్' జారుతుందేమోనని నేను ఒక్కొక్కరి వైపూ చూశాను. ఒక్క నోరూ తెరుచుకోలేదు.

అప్పుడు చంద్రరావు గారు ఫోను చేస్తే పోలీసు జీపు వచ్చింది. సారికని ఎక్కించారు. మెర్సీ అడ్డుపడితే ఆమెనీ ఎక్కించారు. మిగతా వాళ్లని చెదిరిపొమ్మన్నారు. మేం జీపు వెనకాలే బయల్దేరాం. నా ఆటోలో తాతని, కాళ్లనొప్పుల వాళ్లని ఎక్కించాను. మిగిలిన వాళ్లు, పల్లిపాలెం ఆడవాళ్లతో సహా, తడి చీరలతోనే నడిచారు.

స్టేషన్ నిండిపోయింది. హెడ్డు కానిస్టేబులు గారు పెన్ను తీసి, సారిక వైపు చూపించి అడిగారు:

"మీరంతా ఈమెకి ఏమవుతారు?"

ఏమవుతామని చెప్పాలి? చెప్పుల దగ్గర కూర్చున్నప్పుడు ఏమయ్యాం? గేటు బయట నిలబడ్డప్పుడు ఏమయ్యాం? నా నోట్లో ఎప్పుడూ పది మాటలుంటాయి. ఒక్కటీ రాలేదు.

బెంచీ మీద నుంచి మెర్సీ అంది: "ఇన్నాళ్లూ ఏమీ అవ్వలేదండి. అందుకే వచ్చేం. ఇక నుంచి సంఘం అవుతాం."

"ఏ సంఘం? చర్చి సంఘమా, కూలోళ్ల సంఘమా?"

మెర్సీ సారిక వైపు చూసింది. సారిక మా అందరి వైపూ, తలుపు దాకా, చూసింది. అప్పుడు హెడ్డు గారితో అంది:

"రెండుసార్లు రాయక్కర్లేదండి. ఒకటే."

సుబ్బాయమ్మ కొంగు దులిపి నేల మీద చతికిలబడింది. ఆమె పక్కన మేమందరం కూర్చున్నాం. మగవాళ్లు ఎటు, ఆడవాళ్లు ఎటు అని ఎవరూ చూసుకోలేదు.